బండిలో ఒకరు నిద్రపోతున్నారు

లిఫ్టులో ఇరుక్కున్న మనిషికి తలుపు అవతల ఉన్న మెకానిక్ కంటే ఆప్తుడు ఈ లోకంలో ఉండడు. ఆ పదిహేను నిమిషాలూ తల్లీ, తండ్రీ అన్నీ అతనే. తలుపు తెరుచుకోగానే మాత్రం ఆ మనిషి జుట్టు సవరించుకుని, చేతి గడియారం చూసుకుని, పక్కన నిలబడ్డది మనిషా స్తంభమా అని కూడా చూడకుండా చక్కా పోతాడు. ముప్పై ఏళ్ళుగా ఈ ముచ్చట చూస్తున్న మన మెకానిక్‌కు దాని మీద కోపం లేదు. నాకుంది. కానీ కథ నాది కాదు కాబట్టి నోరు మూసుకుంటాను.

అతనికి యాభై ఒకటి. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడిగితే పెద్ద కథేం లేదు. ఇంట్లో వాళ్ళు చూసినప్పుడు కుదరలేదు, కుదిరేలా ఉన్నప్పుడు చూసేవాళ్ళు లేరు. చాలాకాలం అన్నా వదినలతోనే ఉన్నాడు. ఐదేళ్ళ కిందట అన్నకు వేరే ఊరు బదిలీ అయింది. "నువ్వూ వచ్చెయ్యవయ్యా, అక్కడ మాత్రం లిఫ్టులు ఆగిపోవా ఏంటి" అంది వదిన. ఉద్యోగం సాకు చెప్పి ఉండిపోయాడు. నిజం చెప్పాలంటే, ఇంకొక్కసారి రమ్మంటే మూటా ముల్లే సర్దుకుని వెళ్ళేవాడే. వాళ్ళు రెండోసారి అడగలేదు.

అప్పటినుంచి మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఆ బిల్డింగుకు లిఫ్టు లేదు, నవ్వకండి. వారంలో ఆరు రోజులు ఎలాగోలా గడిచిపోయేవి. ఆదివారంతోనే చావొచ్చేది. పొద్దున బట్టలు ఉతికేవాడు. శుభ్రంగా ఉన్న పనిముట్లనే మళ్ళీ తుడిచేవాడు. పదకొండింటికి వదిన ఫోను చేసి "తిన్నావా" అనేది. తిన్నానని చెప్పాక మళ్ళీ సోమవారం పొద్దుటిదాకా మాట్లాడే అవసరం ఉండేది కాదు. సోమవారం మొదటి మాట గొంతులోంచి బొంగురుగా వచ్చేది. జలుబు చేసిందా అని అడిగేవాళ్ళు. అవునని చెప్పేవాడు.

ఒక మంగళవారం లైబ్రరీ లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది. ఇలాంటప్పుడు పైన మోటారు గదిలో ఒకరు బ్రేకు వదులు చేసి చక్రాన్ని చేత్తో తిప్పాలి, కింద తలుపు దగ్గర ఒకరు నిలబడి ఎంత దిగిందో చూసి చెప్పాలి. ఇద్దరు ఉండాల్సిన పని. తోటి మెకానిక్ ఊరికి అవతల వేరే పనిలో ఉన్నాడు, వచ్చేసరికి ముప్పావుగంట పడుతుందన్నాడు. ఇతను మెట్ల మీద కూర్చుని, తలుపు సందుకు నోరు ఆనించి, రోజూ చెప్పే మాటే చెప్పాడు.

"భయపడకండి మేడమ్. లిఫ్టు కింద పడదు. నేనిక్కడే ఉన్నాను."

"పడదని నాకు తెలుసండీ" అంది లోపలి గొంతు. "ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి జాగ్రఫీ చెప్పాను. నాది భయం కాదు, విసుగు."

విసుగు పుట్టినవాళ్ళను మాటల్లో పెట్టడమూ అతని పనిలో భాగమే. పైకి ఎందుకు వెళ్తున్నారని అడిగాడు. ఆదివారానికి పైన ఉన్న గది తాళం ఇమ్మని అడగడానికట. ఆ గదిలో ఏం చేస్తారని అడిగాడు. ఆడతారట. ఏం ఆట అంటే, టీచరుగారు చెప్పడం మొదలుపెట్టారు. బల్ల చుట్టూ కూర్చుని ఒక కథ చెప్పుకుంటారు. కథలో ఒక్కొక్కళ్ళది ఒక్కో పాత్ర. దారిలో ఏ కొండ వచ్చిందో, ఏ దొంగ వచ్చాడో టీచరుగారు చెప్తారు. దానికి తమ పాత్ర ఏం చేస్తుందో ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు చెప్తారు. అది ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ప్రస్తుతం వాళ్ళందరూ ఒక బండిలో ఒక ఉత్తరం పట్టుకుని, కొండ దారి మంచుతో మూసుకుపోయేలోగా కోటకు చేర్చాలని పోతున్నారు.

"తర్వాత?" అన్నాడు ఇతను.

చెప్పారు. మళ్ళీ తర్వాత అన్నాడు. మళ్ళీ చెప్పారు.

"ఎన్నాళ్ళ నుంచి ఆడుతున్నారండీ?"

"తొమ్మిదేళ్ళు."

"అమ్మో. ఇంకా అయిపోలేదా?"

"అయిపోతే ఆదివారాలు ఏం చేసుకోవాలండీ?" అన్నారు టీచరుగారు.

తోటి మెకానిక్ వచ్చేసి మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తే, ముప్పై ఏళ్ళలో మొదటిసారి, వీడు ఇంకాస్త ఆలస్యంగా వస్తే బాగుండేది అనిపించింది. తలుపు తెరుచుకున్నాక టీచరుగారు గడియారం చూసుకోలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని అతని మొహంలోకి చూశారు. "తర్వాత ఏమైందని మీరు నాలుగుసార్లు అడిగారు. ఆదివారం మూడింటికి రండి" అన్నారు.

ఆదివారం రెండున్నరకే వెళ్ళి, లైబ్రరీ చుట్టూ రెండుసార్లు తిరిగి, సరిగ్గా మూడింటికి గది తలుపు తట్టాడు. పొడుగాటి బల్ల. దాని మీద కాగితాలు ఒకదానికొకటి అంటించి టీచరుగారు గీసిన పటం, బల్ల చివర దాటి వేలాడుతోంది. టీచరుగారు కాక ఇంకో ఇద్దరు ఉన్నారు. ఒకాయన మందుల షాపు యజమాని, అరవై దగ్గర వయసు, మాట పొదుపు. కథలో ఆయన ఒంటికన్ను సైనికుడు. ఇంకొకావిడ సిటీ బస్సు కండక్టరు, ముప్పై దాటి ఉండదు, అందరూ కండక్టరమ్మాయి అనే పిలుస్తారు. ఆ అమ్మాయి పాత్ర దొంగ.

"రోజంతా టిక్కెట్టు లేనివాళ్ళని పట్టుకుంటానండీ. ఆదివారమైనా నన్ను దొంగగా ఉండనివ్వండి" అంది.

మందుల షాపాయన పక్కన ఒక కుర్చీ ఖాళీగానే ఉంది. అయినా కండక్టరమ్మాయి వెళ్ళి పక్కగదిలోంచి ఇతని కోసం ఇంకో కుర్చీ తెచ్చి వేసింది. సంచులు పెట్టుకునే కుర్చీ కాబోలు అనుకున్నాడు. తొమ్మిదేళ్ళ కథనూ ఒకే పేజీలో రాసిన కాగితం ఇచ్చి చదువుకోమంది. ఏ ఊళ్ళో ఎవరితో వైరం, ఏ వంతెన ఎందుకు కాలిపోయింది, ఎవరిని ఎప్పుడు నమ్మకూడదు, అన్నీ ఉన్నాయి. ఇతని పాత్ర ఏమిటని అడిగితే ఎంతో ఆలోచించి బండి మేస్త్రీ అన్నాడు. మనిషి ఎక్కడికి పోతాడు చెప్పండి, చేతిలోని పని వదిలి. టీచరుగారు మాత్రం "మాకు కావలసిందే మీరు, తొమ్మిదేళ్ళ బండి అది, కిర్రుమంటోంది" అన్నారు.

తర్వాత బల్ల మీద చెయ్యి ఆనించి, ప్రతి ఆదివారం మొదలుపెట్టే మాటలతోనే మొదలుపెట్టారు. "బండి కదిలింది. బండిలో ఒకరు నిద్రపోతున్నారు."

అది వాళ్ళ పద్ధతి కాబోలు అనుకున్నాడు.

మూడు ఆదివారాలు గడిచాయి. వాటి గురించి ఎక్కువ చెప్పను, సంతోషంగా ఉన్న మనిషి గురించి చెప్పడానికేముంటుంది. బండికి కొత్త చీల వేశాడు. ఒక సత్రంలో దొంగకూ సైనికుడికీ గొడవైతే మధ్యలో దూరి ఇద్దరి చేతా చీవాట్లు తిన్నాడు. నవ్వినప్పుడు కండక్టరమ్మాయి బల్ల మీద గట్టిగా చరిచేది, పాచికలు ఎగిరి పడేవి. మంగళ బుధవారాల్లో మోటారు గదుల్లో ఒంటరిగా గ్రీజు రాస్తూ, వచ్చే ఆదివారం తన వంతు వస్తే ఏం చెప్పాలా అని ఆలోచించుకునేవాడు. సోమవారం గొంతు బొంగురు పోవడం మానేసింది. లోలోపల ఒక్కటే భయం. ఏదో పిచ్చిపని చేసి ఈ కుర్చీ పోగొట్టుకోకూడదు. వదినతో కూడా అదే అన్నాడు. "ఈ వయసులో ఆటలేంటయ్యా" అని నవ్వి, "పోనీలే, నలుగురిలో పడ్డావు" అంది ఆవిడ.

నాలుగో ఆదివారం బండి నదిలో దిగింది.

"కాస్త దూరం వెళ్ళేసరికి చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి" అన్నారు టీచరుగారు. "పైన ఎక్కడో వాన పడింది. నీళ్ళు ఇరుసు దాకా వచ్చాయి, ఇంకా పెరుగుతున్నాయి. మేస్త్రీగారూ, మీ వంతు. ఏం చేస్తారు?"

అతను నిటారుగా కూర్చున్నాడు. ఇన్నాళ్ళకు తనకు తెలిసిన సంగతి వచ్చింది. ఎత్తలేని బరువు ఎత్తమంటే ఏ యంత్రమైనా మొరాయిస్తుంది. లిఫ్టులో బరువు మించితే గంట మోగుతుంది, ఎవరో ఒకరు దిగుతారు, గంట ఆగుతుంది. బండిలో ఏమేం ఉన్నాయో వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. ఉత్తరం పెట్టె తియ్యకూడదు. పనిముట్లు కావాలి. గుడారం కావాలి.

"ఆ నిద్రపోతున్న మనిషిని దించేద్దాం" అన్నాడు. "నేను మోసుకెళ్ళి వెనక ఒడ్డున పడుకోబెట్టి వస్తాను. బరువు తగ్గుతుంది, బండి కదులుతుంది. నీళ్ళు తగ్గాక వచ్చి తీసుకెళ్దాం."

టీచరుగారి చేతిలో పెన్సిలు ఆగింది. "అలాగే చేస్తారా?" అని అడిగారు.

"ఆ, చేస్తానండి."

ఆవిడ మిగతా ఇద్దరి వైపు చూశారు. వాళ్ళిద్దరూ పటం వైపు చూస్తున్నారు. "పాచిక వెయ్యండి" అన్నారు.

పంతొమ్మిది పడింది. అంత పెద్ద అంకె అతనికి ఎప్పుడూ పడలేదు. ఎవరైనా శభాష్ అంటారేమోనని తలెత్తి చూశాడు.

"బండి కదిలింది" అన్నారు టీచరుగారు. "అవతలి ఒడ్డు చేరింది. వెనక నది నిండిపోయింది. బండిలో..." అని ఆగారు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "బండిలో ఎవరూ నిద్రపోవడం లేదు."

మందుల షాపాయన పెన్నుకు మూత పెట్టాడు. తన పాత్ర కాగితాన్ని నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకున్నాడు. షాపులో పని ఉందని చెప్పి లేచాడు. ఆదివారం ఆ షాపు తెరవరని ఇతనికి కూడా తెలుసు. ఆయన లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయిన చప్పుడు కింద దాకా వినిపించింది.

బస్టాపు దాకా కండక్టరమ్మాయి ఇతనితో నడిచింది.

"నేనేం చేశానమ్మా?" అని ఇతనే అడిగాడు.

"ఆ నిద్రపోయే మనిషి ఆయన భార్య అండీ" అంది. "అంటే ఆవిడ పాత్ర. తాళాలు తీసే ముసలమ్మ. ఏడేళ్ళు ఆడింది మాతో. ఆ ఖాళీ కుర్చీ ఆవిడదే. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఎవరైనా ఆటకి రాకపోతే వాళ్ళ పాత్ర బండిలో నిద్రపోతున్నట్టు లెక్క. ఆవిడ రెండేళ్ళుగా రాలేదు."

అతను నడక ఆపేశాడు. "నాకు ముందే చెప్పొచ్చు కదా."

"ఆ కాగితం రాసింది నేనే. ఆ ఒక్క ముక్క ఎలా రాయాలో తెలీక వదిలేశాను."

"పోనీ, అప్పుడే ఆపొచ్చు కదా."

"కొత్తగా వచ్చినవాళ్ళ మాటకి నెల రోజుల దాకా ఎవరూ అడ్డు చెప్పకూడదని మా కట్టుబాటు. నేను వచ్చిన రోజే వంతెన తగలబెట్టేశాను. ఒక్కళ్ళు పల్లెత్తు మాట అనలేదు. అందుకే మిగిలాను ఇక్కడ."

"ఇప్పుడు కాదంటే? పొరపాటున అన్నాను, లెక్కలోకి తీసుకోకండి అంటే?"

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "చెప్పింది చెప్పినట్టే. తొమ్మిదేళ్ళలో ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు. ఆ రూలు పెట్టింది ఆయనే."

బస్సు వచ్చింది. ఇతను ఎక్కలేదు.

ఆ వారమంతా అతను మనిషి మనిషిలో లేడు. తనను చేరదీసిన నాలుగు వారాలకే ఒకాయన భార్యను తీసుకెళ్ళి నది ఒడ్డున పారేసి వచ్చాడు. అది కథే కావచ్చు, ఎవరి ఒంటి మీదా చుక్క నీరు పడకపోవచ్చు, అయినా చేసింది చేసిందే. మళ్ళీ వెళ్ళకుండా ఉండటమే మర్యాద అనిపించింది. వెళ్ళకపోతే ఆదివారాలు మళ్ళీ మునుపటిలాగే ఉంటాయి.

బుధవారం ఒక ఆఫీసు బిల్డింగులో లిఫ్టు గంట ఊరికే మోగుతోందంటే చూడటానికి వెళ్ళాడు. ఊరికే ఏం మోగలేదు, నిజంగానే బరువెక్కువై మోగుతోంది. లోపల తొమ్మిదిమంది ఉన్నారు. అందరూ పైకప్పు వైపు చూస్తున్నారు. చివరగా ఎక్కిన ఒకావిడ, చేతినిండా ఫైళ్ళు, ఎవరూ ఏమీ అనకుండానే వెనక్కి అడుగువేసి బయటికి వచ్చేసింది. గంట ఆగింది. తలుపులు మూసుకుని లిఫ్టు వెళ్ళిపోయింది. ఆవిడ ఫైళ్ళు సర్దుకుంటూ తర్వాతి లిఫ్టు కోసం నిలబడింది.

ఇతను సంచి కింద పెట్టి అక్కడే గోడకు ఆనుకున్నాడు. చివర ఎక్కినవాడు దిగాలి. ఎవరూ రాసిపెట్టని రూలు, చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ బండిలో చివర ఎక్కింది ఎవరు? లోపల అందరికంటే ముందునుంచి ఉన్న మనిషిని, నోరు తెరిచి కాదనలేని మనిషిని, ఏరి మరీ దించాడు. ముప్పై ఏళ్ళ అనుభవం గంగలో కలిసింది.

ఆదివారం పదకొండింటికి వదిన ఫోను చేసింది. జరిగిందంతా చెప్పాడు.

"వెళ్ళకపోతే ఏమవుతుంది? ఎప్పటిలా ఇంట్లో ఉంటావు, అంతేగా" అంది.

"అంతే వదినా."

"వెళ్ళు మరిదీ. వెళ్ళి కూర్చో. పొమ్మంటే అప్పుడే వచ్చేద్దువుగాని" అంది.

వెళ్ళాడు. ఎవరూ పొమ్మనలేదు. మందుల షాపాయన మాత్రం రాలేదు. టీచరుగారు బల్ల మీద చెయ్యి ఆనించి "బండి కదలబోతోంది. బండిలో ఒకరు నిద్రపోతున్నారు" అన్నారు. ఈసారి అది ఒంటికన్ను సైనికుడు.

"కదలకముందే నేను దిగుతానండి" అన్నాడు ఇతను. "నీళ్ళు తగ్గేదాకా ఆగి నది దాటి వెనక్కి వెళ్తాను. ఆవిడ దగ్గర కూర్చుంటాను."

"బండి ఆగదు మేస్త్రీగారూ. మంచు పడేలోగా కోట చేరాలి" అన్నారు టీచరుగారు, నెమ్మదిగా. "ఆట బండితో పాటు పోతుంది. వెనక ఉండిపోయినవాళ్ళకి నేను కథ చెప్పలేను. మీ వంతు వచ్చినా మీకు చెయ్యడానికి ఏమీ ఉండదు. తెలిసే అంటున్నారా?"

"బరువు మించితే చివర ఎక్కినవాడు దిగాలండి. మా పనిలో అంతే. చివర ఎక్కింది నేనే."

కండక్టరమ్మాయి ఏదో అనబోయింది. నెల రోజుల కట్టుబాటు గుర్తొచ్చిందో ఏమో, ఊరుకుంది.

అలా అతను ఒడ్డున ఉండిపోయాడు. ఇంట్లో ఒక్కడే ఉండటం అతనికి అలవాటే. నలుగురూ మాట్లాడుకునే బల్ల దగ్గర ఒక్కడే ఉండటం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. బండి అడవిలోకి పోయింది. దొంగ ఎవరి గుర్రాన్నో ఎత్తుకొచ్చింది. టీచరుగారు మర్యాదగా ప్రతిసారీ అడిగేవారు, "మేస్త్రీగారూ, మీరు?" అని. "ఒడ్డున ఉన్నానండి" అనేవాడు. పెన్సిలుతో ఒక టిక్కు పెట్టి ముందుకు పోయేవారు. మూడు గంటల ఆటలో అతని వాటా ఆ రెండు మాటలు. ఇంటికెళ్ళిపోతే పోయేదే. కానీ ఒడ్డున ఉన్నానని చెప్పి ఇంట్లో కూర్చుంటే అది కూడా అబద్ధమవుతుందనుకున్నాడు. పిచ్చి మాలోకం. ఇంకోడైతే నాలుగు రోజుల్లో మరిచిపోయేవాడు.

మూడో వారం మందుల షాపాయన వచ్చాడు. ఇతని వైపు చూడలేదు. కూర్చుని, కాగితం మడతలు విప్పి, తన వంతు వచ్చినప్పుడు సైనికుడి చేత కత్తి దూయించాడు. "మేస్త్రీగారూ, మీరు?" అని టీచరుగారు అడిగితే ఇతను "ఒడ్డున ఉన్నానండి" అన్నాడు. అప్పుడు మాత్రం ఆయన తల ఎత్తాడు.

ఆట అయ్యాక లిఫ్టు ముందు ఇద్దరే మిగిలారు.

"మీ మీద నాకు బాగా కోపం వచ్చింది" అన్నాడు మందుల షాపాయన.

"తెలుసండి."

"తెలీదు. చెప్పేది వినండి." లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి, ఇద్దరూ ఎక్కలేదు. "ప్రతి ఆదివారం ఇంటికెళ్ళి ఆవిడకి కథంతా చెప్తాను. ఎవరేం చేశారో అన్నీ చెప్పి, నువ్వు నిద్రపోతున్నావు అని ముగిస్తాను. రెండేళ్ళుగా అదే ముగింపు. ఆవిడ గోడ వైపు చూస్తూ ఉంటుంది. వింటోందో లేదో దేవుడికే తెలియాలి. ఆ రోజు కోపం పట్టలేక చెప్పేశాను. ఎవడో కొత్తవాడొచ్చి నిన్ను బండిలోంచి దించేశాడే అని." ఆయన మూసుకున్న లిఫ్టు తలుపు వైపు చూశాడు. "తల తిప్పింది."

ఇతను ఆయన వైపు తిరిగాడు.

"నా వైపు తిప్పింది. ఎందుకో అర్థం చేసుకోడానికి నాకు రెండు వారాలు పట్టింది, అందుకే ఇటు రాలేదు. ఈ రెండేళ్ళలో ఆవిడకి ఏదైనా జరగడం అదే మొదలు. మేమంతా మోస్తూనే ఉన్నాం తప్ప ఏమీ జరగనివ్వలేదు. అప్పట్నుంచి నా మొహమే చూస్తోంది. తర్వాత ఏమైందని. నేనేం చెప్పను? నేను బండితో పాటు వెళ్ళిపోయాను. ఒడ్డున ఏం జరుగుతోందో నాకు తెలీదు."

"ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు కదండీ."

"ముప్పై ఏళ్ళు కాపురం చేశాను, ఏడేళ్ళు ఆడాను ఆవిడతో. కల్పిస్తే పట్టేస్తుంది" అన్నాడాయన. "ఆ ఒడ్డున ఉన్నది మీరొక్కరే. మీరే వచ్చి చెప్పాలి."

మరుసటి ఆదివారం మూడింటికి అతను లైబ్రరీకి కాక వాళ్ళింటికి వెళ్ళాడు. మందుల షాపాయన తలుపు తీసి, లోపలి గది చూపించి, తను ఆటకు వెళ్ళిపోయాడు. వంటింట్లో ఆయా గిన్నెలు తోముకుంటోంది. కిటికీ పక్కన మంచం. మంచం మీద ఒక సన్నటి మనిషి, నెరిసిన జుట్టు చక్కగా దువ్వి ఉంది. కుడి చెయ్యి దిండు మీద పెట్టినది పెట్టినట్టే ఉంది. కళ్ళు మాత్రం అతని మీదే ఉన్నాయి.

అతను గుమ్మంలోనే ఆగాడు. జీవితమంతా తలుపు అవతలి మనుషులతోనే మాట్లాడాడు. మొహం చూసి మాట్లాడటం అలవాటు లేదు.

"మిమ్మల్ని దించింది నేనేనండి" అన్నాడు.

ఆవిడ రెప్ప వెయ్యలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఒకరి పాత్ర గురించి ఇంకొకరు చెప్పకూడదన్నది ఆటలో అన్నిటికంటే పెద్ద రూలు. అందుకని ఆవిడ లేచిందనీ చెప్పలేదు, లేవలేదనీ చెప్పలేదు. తను ఏం చేశాడో అదే చెప్పాడు. నది దాటి వచ్చేసరికి దుప్పటి తడిసి ఉందని, దాన్ని పిండి కొమ్మ మీద ఆరేశానని చెప్పాడు. ఎండ పడకుండా నాలుగు గుంజలు పాతి చొక్కా కట్టానని చెప్పాడు. పాములొస్తాయేమోనని చుట్టూ రాళ్ళు పేర్చాడట. ఏమీ తోచక చెక్క దొరికితే ఒక పీట చేశాడట, ఒక కాలు పొట్టిదైందట. మూడు వారాలు బల్ల దగ్గర నోరు మూసుకుని కూర్చున్న మనిషి ఆ మూడు వారాలూ నిజంగా ఒడ్డునే ఉన్నాడన్నమాట. మాట వెనక మాట వస్తూనే ఉంది. ఆరింటికి ఆయా వచ్చి లైటు వేసేదాకా చెప్పాడు. ఆవిడ చూపు తిప్పలేదు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం అంతే. వదిన ఫోను చేస్తే "ఇవాళ తొందరలో ఉన్నాను" అని చెప్పే రోజు కూడా వచ్చింది. ఒడ్డున చెయ్యాల్సిన పనులు వారం పొడుగునా గుర్తొచ్చేవి. పీట కాలు సరిచేశాడు. చేపలు పట్టబోయి నీళ్ళలో పడ్డాడు. అది చెప్పినప్పుడు ఆవిడ పెదవి ఎడమవైపు కదిలింది. అది నవ్వని అతను ఒట్టేసి చెప్పగలడు. ఆయా మాత్రం, అలా అప్పుడప్పుడు కదులుతుందిలెండి అంది.

అలా రెండు నెలలు గడిచాక ఒక సాయంత్రం మందుల షాపాయన ఆట నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. "ఉత్తరం కోటకి చేరిపోయింది. అందరం ఒక్క మాట మీద నిలబడ్డాం. బండి వెనక్కి తిప్పుతున్నాం, మీ ఇద్దరి కోసం" అన్నాడు. "ఎనిమిది ఆదివారాలు పడుతుందన్నారు టీచరుగారు. మీ కుర్చీ మీకోసం అలాగే ఉంది."

ఇతను చాలా సంతోషమండి అన్నాడు. మెట్లు దిగి వీధిలోకి వచ్చాక తనకు ఏమాత్రం సంతోషంగా లేదని తెలిసింది. ఒకప్పుడు ఆ కుర్చీ కోసమే ప్రాణం పెట్టాడు. బండి వస్తే ఏమవుతుంది? ఆవిడను ఎక్కిస్తారు. బల్ల దగ్గరికి రాలేని మనిషి కాబట్టి ఆవిడ పాత్ర మళ్ళీ నిద్రపోతుంది. ఇతను మళ్ళీ చీలలు బిగిస్తూ, అందరితో పాటు నవ్వుతూ ఉంటాడు. ఆవిడ గదికి అతనితో పని ఉండదు. ఆ వారం అతను ఏం కోరుకున్నాడో చెప్తే తిట్టుకుంటారు మీరు. దారిలో ఎక్కడో ఒకచోట బండి చక్రం విరిగిపోవాలని కోరుకున్నాడు. బండి మేస్త్రీ కోరుకోవాల్సిన కోరికేనా అది?

చక్రం విరగలేదు. ఏడు ఆదివారాలు తరిగిపోయాయి. ఎనిమిదో ఆదివారం మూడింటికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఏ పనీ చెప్పబుద్ధి కాలేదు.

"బండి వస్తోందండి" అన్నాడు. "అవతలి ఒడ్డున దుమ్ము కనిపిస్తోంది. మీవాళ్ళు మీకోసం అంత దూరం నుంచి తిరిగొస్తున్నారు. మీరు ఎక్కుతారో లేదో మీ ఇష్టం, మీ తరఫున నేను చెప్పకూడదు." కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరిపాడు. "నాకు మాత్రం ఎక్కాలని లేదండి. నా బతుకులో అందరినీ తర్వాత ఏమైందని అడిగింది నేనే. నేను చెప్పేది విని, తర్వాత అన్నట్టు నా వైపు చూసిన మనిషి మీరొక్కరే. నేను ఇక్కడే ఉండిపోతాను. అదే నేను చేసేది. ఇక మీ వంతు."

ఆవిడ చాలాసేపు అతన్నే చూసింది. ఎడమ చెయ్యి దుప్పటి మీద జరిగింది, ఒక బెత్తెడు ఉంటుందేమో. అతని వైపు జరిపిందో, దుప్పటి లాక్కోబోయిందో తెలియలేదు. కళ్ళు మూసుకుంది. అది నిద్రో, జవాబో కూడా తెలియలేదు. అడగాలనిపించింది. కానీ వంతు ఆవిడది, ఎంతసేపైనా తీసుకోవచ్చు. ఆరు దాటింది. కింద మందుల షాపాయన గేటు తీస్తున్న చప్పుడు వినిపించింది. అతను కుర్చీలోంచి లేవలేదు.